చాందా కోట చుట్టూ – 9: అడగని యుద్ధం

కిందటి వారం 1858 అక్టోబరు 21 దగ్గర ఆగాం. గోండు వీరుడు బాబూరావు శేడ్మాకేను చాందాలో ఉరితీసిన రోజు అది. ఈ వారం ఎనభై నాలుగేళ్లు ఒక్క అంగలో దాటేసి 1942లోకి వస్తున్నాం. ఈ ధారావాహిక మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ భాగం ఎప్పుడు రాస్తానా అని ఎదురుచూశాను. మన జిల్లాలో చిమూరు అనే ఊరుంది. చంద్రపూర్ నుంచి వరోరా మీదుగా వెళ్తే సుమారు వంద కిలోమీటర్లు. విదర్భలో మరాఠీ ఇళ్లలో ఆ పేరు చెబితే పెద్దవాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు. బాబుపేట్ వాడల్లో, మహాకాళి గుడి చుట్టుపక్కల, బల్లార్‌పూర్ గని కాలనీల్లో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో మాత్రం ఆ కథ అంతగా వినబడదు. మన తాతలు బతుకుతెరువుకు వచ్చి చేరిన జిల్లా ఇది. దాని కథ మనకూ తెలియాలి.

చిమూరు కథను అందరూ 1942 ఆగస్టు 16తో మొదలుపెడతారు. నేను మూడేళ్లు వెనక్కి వెళ్లి, 1939 సెప్టెంబరు 3తో మొదలుపెడతాను. ఆ రోజు బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ఆ రోజే వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టేనని ప్రకటించేశారు. ఢిల్లీలో కేంద్ర శాసనసభ ఉంది, దాన్ని అడగలేదు. ఎనిమిది రాష్ట్రాల్లో కాంగ్రెసు మంత్రివర్గాలు పాలిస్తున్నాయి, వాటినీ అడగలేదు. మన చాందా అప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో జిల్లా. నాగపూర్‌లో ప్రధానిగా ఉన్న రవిశంకర్ శుక్లాకు కూడా మీ అభిప్రాయమేమిటని కబురు రాలేదు. ఊరి బావి పూడిక తీయాలన్నా నలుగురిని రచ్చబండ దగ్గరికి పిలిచి మాట్లాడుకునే దేశంలో, దాదాపు 39 కోట్ల మందిని ఒక్క ప్రకటనతో యుద్ధంలో దింపారు.

కాంగ్రెసు కార్యవర్గం సమావేశమైంది ఎక్కడో కాదు, మన పొరుగున ఉన్న వార్ధాలోనే. ఈ యుద్ధం దేనికోసం, స్వాతంత్ర్యం కోసమే అయితే ఆ స్వాతంత్ర్యంలో మా వాటా ఏమిటి అని సెప్టెంబరు 14న తీర్మానం చేసి అడిగారు. అక్టోబరు 17న వైస్రాయి ఇచ్చిన జవాబు సారాంశం: యుద్ధం అయ్యాక చూద్దాం. మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ దిగిపోయారు, నాగపూర్‌లో శుక్లా దిగిపోయారు. ఆ తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్ గవర్నరు పాలన కిందికి వెళ్లింది. అంటే చాందాలో ఒక రైతుకో కూలీకో కష్టమొస్తే, ఓటేసి గెలిపించిన మనిషి దగ్గరికి వెళ్లి చెప్పుకునే దారి మూసుకుపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. చిమూరులో తర్వాత జరిగినదానికి ఇది ముఖ్యమైన కారణమని నా నమ్మకం.

చాందాకు యుద్ధం దూరమేమీ కాదు. 1929 నాటికే కాజీపేట-బల్లార్షా లైను పూర్తయి, ఢిల్లీ-మద్రాసు రైలు దారి ఈ ఊరి మీదుగా పడింది. ఇవాళ బాబుపేట్ పక్క నుంచి బల్లార్షా వైపు వెళ్లే పట్టాలు ఆ దారిలోవే. బల్లార్‌పూర్‌లో బొగ్గు గనులున్నాయి. అక్కడ వార్ధా నది దాటితే రాజురా. అది అప్పుడు మహారాష్ట్ర కాదు, నిజాం రాజ్యంలో అదిలాబాదు జిల్లా. నది అవతల ఉన్న మన తెలుగువాళ్లను అడిగినవాళ్లు అసలే లేరు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిషువారికి నమ్మిన మిత్రుడన్న బిరుదున్న ప్రభువు. ఆయన ఖజానా ఇచ్చిన సొమ్ముకు గుర్తుగా బ్రిటిషు వైమానిక దళంలో హైదరాబాదు పేరుతో దళాలే ఉండేవి. ఇవతల గవర్నరు, అవతల నిజాం. నదికి ఏ ఒడ్డున నిలబడ్డా తెలుగు కూలీకి యుద్ధం మీద నోరెత్తే హక్కు లేదు.

యుద్ధం మొదట జేబులోకి వచ్చింది. 1940లో రూపాయి బిళ్లలో వెండిని సగానికి తగ్గించారు. అంతకు ముందు పదకొండు పాళ్లు వెండికి ఒక పాలే కల్తీ ఉండేది. పాత రూపాయలను జనం దాచుకోవడం మొదలుపెట్టారు. కొత్తగా రూపాయి నోటు దించారు. చిల్లర దొరకడం గగనమైపోయింది. 1943లో వచ్చిన కానీకి మధ్యలో పెద్ద చిల్లు. లోహం మిగల్చడానికి నాణేన్నే తొలిచేశారు. ఆ చిల్లి కానీలను పిల్లల మొలతాడుకు కట్టిన ఇళ్లు తెలుగునాట ఎన్నో. పాత ట్రంకు పెట్టెలు తిరగేస్తే ఇప్పటికీ ఒకటో రెండో దొరుకుతాయి. చేతిలోకి తీసుకుని చూడండి: బిళ్లలో సగం చోటు ఖాళీ. అది యుద్ధం చేసిన చిల్లు.

1942 మార్చి 8న రంగూను జపానువాళ్ల చేతికి చిక్కింది. బర్మా బియ్యం ఆగిపోయింది. రంగూను రేవులో, మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీలు వేల సంఖ్యలో అడవి దారులు పట్టి కాలినడకన ఇండియాకు బయలుదేరారు. ఎందరో దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. మా కోసం యుద్ధం చేస్తున్నామన్న ప్రభుత్వం మమ్మల్ని కాపాడలేకపోతోందని సామాన్యుడు కూడా గ్రహించిన రోజులవి.

అందరూ ఒకే మాట మీద ఉన్నారని చెబితే అబద్ధమవుతుంది. 1941 అక్టోబరులో మహార్ రెజిమెంటు ఏర్పడింది. అంటరానివాళ్లన్న నెపంతో సైన్యం తలుపులు మూసిన కులానికి అది గౌరవం దక్కిన రోజు. 1942 జూలైలో అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. హిట్లరు, జపాను గెలిస్తే అణగారినవాళ్లకు ఇంకా పెద్ద ముప్పని ఆయన గట్టిగా నమ్మారు. సోవియట్ మీద జర్మనీ దాడి చేశాక కమ్యూనిస్టులు కూడా ఇది ప్రజాయుద్ధమన్నారు. బాబుపేట్‌లో ఇవాళ పక్కపక్క ఇళ్లలో ఉన్న కుటుంబాల పూర్వీకులు ఆనాడు వేర్వేరు వైపుల నిలబడి ఉండొచ్చు. వాళ్లలో ఎవరినీ ద్రోహి అనే హక్కు మనకు లేదు. ఫాసిజం నిజంగానే మహమ్మారి. జనానికి కడుపు మండింది వేరే సంగతికి: ప్రాణం, పంట, డబ్బు మావి కావాలి, మాట మాత్రం మాది వద్దా?

ఈ ప్రశ్నను మొట్టమొదట శాంతంగా అడిగినవాడు కూడా మన పొరుగువాడే. 1940 అక్టోబరు 17న వార్ధా దగ్గర పౌనార్‌లో వినోబా భావే యుద్ధ వ్యతిరేక ప్రసంగం చేసి తొలి వ్యక్తి సత్యాగ్రహి అయ్యారు. మనుషులనిచ్చిగానీ డబ్బిచ్చిగానీ ఈ యుద్ధానికి సాయపడటం తప్పు అన్నది ఆయన చెప్పిన మాట. నాలుగు రోజుల్లో అరెస్టు చేశారు. తర్వాత నెహ్రూ, మన ప్రకాశం పంతులుగారు, ఇంకా వేలమంది ఒక్కొక్కరుగా అదే మాట చెప్పి జైళ్లకు వెళ్లారు. ముందుగా అధికారులకు తెలియజేసి, ఫలానా రోజు ఫలానా చోట మాట్లాడతానని చెప్పి మరీ పట్టుబడటం వాళ్ల పద్ధతి. ఇంత మర్యాదగా అడిగిన ప్రశ్నకూ జవాబు రాలేదు.

1942 ఆగస్టు 8 రాత్రి బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం, 9 తెల్లవారకముందే గాంధీతో సహా నాయకులందరూ అరెస్టు. ఉద్యమాన్ని ఎలా నడపాలో చెప్పేవాళ్లు ఊళ్లలో మిగల్లేదు. ఆగస్టు 12న తెనాలిలో రైల్వే స్టేషను తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్ల స్మారకం ఇప్పటికీ ఉంది. తెనాలిలో అంటుకున్న నాలుగు రోజులకు చిమూరు అంటుకుంది.

చిమూరులో నిప్పు రాజేసింది ఒక భజన. తుకడోజీ మహరాజ్ అమరావతి జిల్లా యావలిలో 1909లో పుట్టిన సాధువు. చేతిలో ఖంజరీ, ఊరూరా భజనలు. దేవుడి పాటలోనే దేశం పాట కలిపి పాడేవారు. చదువురాని రైతుకు వార్తాపత్రిక చేయలేని పని ఆయన ఖంజరీ చేసింది. ఆ వర్షాకాలంలో ఆయన చిమూరులో ఉన్నారు. ఆగస్టు 16 నాగపంచమి. పొద్దున్నే జనం ఊరేగింపు తీశారు. పోలీసులు అడ్డుపడ్డారు, కాల్పులు జరిగాయి. బాలాజీ రాయ్‌పూర్కర్ అనే కుర్రాడు కూలిపోయాడు.

ఆ తర్వాత గుంపును ఆపగలిగినవాడు లేడు. అధికారులు దిగిన విశ్రాంతి గృహానికి నిప్పుపెట్టారు. సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు డూంగాజీ, నాయబ్ తహసీల్దారు సోనావణె సహా నలుగురు ప్రభుత్వోద్యోగులను చంపేశారు. వరోరా నుంచి పోలీసులు రాకుండా చెట్లు కొట్టి దారికి అడ్డం వేశారు, వంతెనలు పాడుచేశారు. మూడు రోజులు చిమూరులో సర్కారు లేదు. అదే రోజు వార్ధా జిల్లా ఆష్టిలో కూడా పోలీసు స్టేషను మీద దాడి, కాల్పులు, చావులు. చరిత్రలో రెండు ఊళ్ల పేర్లూ అప్పటి నుంచి జంటగానే వినిపిస్తాయి.

ఆ నలుగురి చావును నేను వీరగాథగా రాయలేను. వాళ్లు యుద్ధం ప్రకటించినవాళ్లు కారు, కాల్చమని పైనుంచి వచ్చిన హుకుం పాటించే చిన్న హోదాలవాళ్లు. ఆ రోజు గుంపు చేతికి అందినవాళ్లు వాళ్లే. లిన్‌లిత్‌గో అందలేదు, నాగపూర్‌లో గవర్నరు ట్వైనం అందలేదు. జవాబు చెప్పవలసిన నాయకుడు అందుబాటులో లేకపోతే కోపం గుమాస్తా మీద పడుతుంది. చిమూరులో జరిగింది అదే.

ఆగస్టు 19న సైన్యం దిగింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది తెల్లసైనికులు. మగవాళ్లను ఊడ్చిపెట్టినట్టు పట్టుకుపోయారు. ఊరి మీద సామూహిక జరిమానా వేశారు. మగదిక్కు లేని ఇళ్లలోకి సైనికులు జొరబడ్డారు. తమ మీద అత్యాచారాలు జరిగాయని ఆ ఇళ్ల ఆడవాళ్లు చెప్పారు. చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అది 1942, పల్లెటూరు, పరువు పోతే మళ్లీ ఊళ్లో తల ఎత్తలేని రోజులు. అయినా చెప్పారు. నాగపూర్ నుంచి స్త్రీల బృందం వెళ్లి విని వచ్చింది. హిందూ మహాసభ నాయకుడు డాక్టర్ మూంజే వెళ్లి వచ్చి బహిరంగంగా మాట్లాడారు. ఆయన కాంగ్రెసువాడు కాదు, క్విట్ ఇండియాను సమర్థించిన పార్టీవాడూ కాదు. ప్రభుత్వం మాత్రం ఆరోపణలు నమ్మదగ్గవి కావని అక్టోబరులో ప్రకటన చేసి చేతులు దులుపుకుంది. తుకడోజీని ఆగస్టు 28న చాందాలోనే అరెస్టు చేసి, నాగపూర్, రాయపూర్ జైళ్లలో పెట్టారు.

ఇక్కడికి అసలు మనిషి వస్తాడు. జయకృష్ణ భన్సాలీ. ఒకప్పుడు గుజరాత్‌లో ఆచార్యుడు, తర్వాత గాంధీ సేవాగ్రామ్ ఆశ్రమవాసి. ఏళ్ల తరబడి మౌనవ్రతం పట్టి, నోరు జారకూడదని పెదవులకు రాగి తీగె కుట్టించుకున్న మొండివాడు. పచ్చిపిండి, వేపాకు తిని దేశమంతా కాలినడకన తిరిగినవాడు. ఆయన చిమూరు ఆడవాళ్ల మాట విన్నాడు. 1942 నవంబరు మొదట్లో ఢిల్లీ రైలెక్కి నేరుగా ఒక ఇంటి తలుపు తట్టాడు. అది మాధవ్ శ్రీహరి అణె ఇల్లు.

అణె ఎవరో చంద్రపూర్‌వాళ్లకు చెప్పాలి. ఆయన పుట్టింది వణీలో. మనకు కూతవేటు దూరం, వార్ధా నది దాటితే వచ్చే యవత్మాళ్ జిల్లా ఊరు. తిలక్ శిష్యుడు. 1930లో పుసద్‌లో అటవీ సత్యాగ్రహం చేసి జైలుకెళ్లినవాడు. 1933లో కాంగ్రెసు తాత్కాలిక అధ్యక్షుడిగా పనిచేశాడు. జనం ఆయనను లోకనాయక్ అని పిలిచేవారు. అలాంటివాడు 1941లో వైస్రాయి మండలిలో చేరి, విదేశాల్లోని భారతీయుల శాఖ తీసుకున్నాడు. బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన మన తెలుగు కూలీల బాధ కూడా ఆ శాఖ కిందికే వచ్చింది. శరణార్థుల దారులు స్వయంగా చూడటానికి ఆయన అస్సాం దాకా వెళ్లాడు. పనిచేయని మనిషి అని అనలేం.

భన్సాలీ ఆయన్ని అడిగింది ఒక్కటే. మీ ప్రాంతం, మీ ఆడవాళ్లు, మీ ప్రభుత్వం. ఒక్కసారి చిమూరు వచ్చి చూడండి, విచారణ జరిపించండి, కుదరకపోతే ఆ కుర్చీలోంచి లేవండి. అణె ఒప్పుకోలేదు. శాంతిభద్రతలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్న మాట చట్టప్రకారం నిజమే. కానీ అస్సాం అడవిదాకా వెళ్లగలిగిన మనిషికి వణీ పక్క ఊరికి రావడానికి చట్టం అడ్డొచ్చిందంటే జనం ఎలా నమ్ముతారు? భన్సాలీ ఆ గుమ్మం ముందే నిరాహారానికి కూర్చున్నాడు. పోలీసులు పట్టుకుని సేవాగ్రామ్‌కు తెచ్చి దించారు. ఆయన చిమూరు బయలుదేరాడు. పట్టుకొచ్చారు. మళ్లీ బయలుదేరాడు, కాలినడకన. మళ్లీ పట్టుకొచ్చారు. నవంబరు 11న మొదలైన దీక్ష వదల్లేదు.

ప్రభుత్వం చేసిన తర్వాతి పని దీక్షను మరింత పెద్దది చేసింది. చిమూరు గురించి, భన్సాలీ గురించి వార్తలు వేయొద్దని పత్రికల మీద నిషేధం పెట్టింది. అఖిల భారత పత్రికా సంపాదకుల సమ్మేళనానికి అప్పుడు అధ్యక్షుడు హిందూ పత్రిక సంపాదకుడు కస్తూరి శ్రీనివాసన్. ఆవేశపరుడని పేరున్న మనిషి కాదు. అలాంటి సంపాదకులే ఆ నిషేధానికి మండిపడ్డారు. కొత్త సంవత్సరం బిరుదుల జాబితా వేయబోమన్నారు. గవర్నర్ల బంగళాల నుంచి వచ్చే విందు వినోదాల సమాచారం వేయబోమన్నారు. 1943 జనవరి 6న దేశమంతటా పత్రికలు ఒకరోజు ప్రచురణ ఆపేశాయి. రాయ్‌బహద్దూర్, దివాన్‌బహద్దూర్ బిరుదులు పొందినవాళ్లు తమ పేరు అచ్చులో చూసుకోవడానికి ఎదురుచూసే రోజులవి. చిమూరు పేరు అచ్చు కాకపోతే వాళ్ల పేర్లూ అచ్చు కావని పత్రికలు తేల్చేశాయి. భారత పత్రికా చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించే రోజుల్లో ఇదొకటి. మారుమూల పల్లెలో పేరులేని ఆడవాళ్ల మాట కోసం జరిగిన సమ్మె అది.

కె.ఎం. మున్షీ, డాక్టర్ ఖరే మధ్యవర్తులయ్యారు. జనవరి 12న రాజీ కుదిరింది. చిమూరుకు జనం వెళ్లడం మీద ఆంక్షలు, పత్రికల మీద నిషేధం తొలగించారు. అరవై మూడో రోజున భన్సాలీ దీక్ష విరమించాడు.

ఫిబ్రవరిలో గాంధీ ఆగాఖాన్ ప్యాలెస్‌లో ఇరవై ఒక్క రోజుల దీక్షకు కూర్చున్నారు. ఆయనను విడుదల చేయడానికి ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో వైస్రాయి మండలిలో ముగ్గురు సభ్యులు రాజీనామా చేశారు: హోమీ మోదీ, నళినీ రంజన్ సర్కార్, అణె. ఆ రాజీనామాకు అణెను మెచ్చుకోవాలి. కానీ గాంధీ కోసం వదలగలిగిన కుర్చీని మూడు నెలల ముందు చిమూరు ఆడవాళ్ల కోసం ఎందుకు వదల్లేదన్న ప్రశ్న ఆయన జీవితచరిత్రలో చెరిగిపోదు. స్వతంత్ర భారతంలో ఆయన బీహారు గవర్నరయ్యాడు, 1968లో పద్మవిభూషణ్ వచ్చింది. అవన్నీ ఆయనకు తగినవే. ఈ ఒక్క లెక్క మాత్రం తేలలేదు.

చిమూరు, ఆష్టి కేసుల్లో ప్రత్యేక న్యాయస్థానాలు ఎందరికో ఉరిశిక్షలు వేశాయి. అనసూయాబాయి కాళే ఊరూరా తిరిగి సంతకాలు, చందాలు పోగుచేసి వాళ్ల ప్రాణాల కోసం పోరాడారు. 1945లో మిగిలిన ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. శేడ్మాకేకు దక్కని ఊరట వీళ్లకు దక్కింది. ఆ మధ్యలోని ఎనభై ఏడేళ్లలో దేశం సాధించినదాంట్లో ఇది కూడా ఒకటి.

భన్సాలీ ఏ విచారణ కోసం 63 రోజులు తిండి మానేశాడో, ఆ విచారణ జరగలేదు. యుద్ధం ముగిసింది, తెల్లవాళ్లు వెళ్లారు, ఆ సైనికుల్లో ఒక్కరినీ బోనెక్కించలేదు. నాయకులను తప్పుపట్టేటప్పుడు మనం ఎక్కువగా వాళ్లు చేసినదాన్ని పట్టుకుంటాం. చూడటానికి రానందుకూ తప్పుపట్టాలని చిమూరు ఆడవాళ్లు, వాళ్ల తరఫున భన్సాలీ దేశానికి చెప్పారు. నా దృష్టిలో ఈ జిల్లా స్వాతంత్ర్యోద్యమానికి ఇచ్చిన పెద్ద కానుక ఇదే. విశ్రాంతి గృహం తగలబెట్టినదానికంటే పెద్దది.

బాబుపేట్, బల్లార్‌పూర్, రాజురా పాఠకులకు ఒక మనవి. 1942 నాటి మాటలు మీ ఇళ్లలో ఎవరైనా చెప్పి ఉంటే, అవి తెలుగులోనైనా మరాఠీలోనైనా సరే, కాగితం మీద పెట్టి పత్రికకు పంపండి. బొగ్గు గనిలో పనిచేసినవాళ్లవి, రైల్వేలో పనిచేసినవాళ్లవి, బర్మా నుంచి నడిచివచ్చినవాళ్లవి మరీ కావాలి. వచ్చే వారం నది దాటి రాజురా వెళ్దాం, 1948 సెప్టెంబరులోకి.